గడ్డి కారుకు ఆముదం

మొన్న మా పెదనాన్నగారి మనవరాలి పెళ్ళికి వెళ్ళాను. చర్చిలో పెళ్ళి, భోజనాలు గుండుగొలను దగ్గర హైవే పక్కనున్న ఫంక్షన్ హాల్లో. హాలు ముందు పెద్ద పచ్చిక ఉంది. దాని మీద నడవకూడదని ఒక బోర్డు ఉంది, ఆ బోర్డు కిందే పెళ్ళివారి పిల్లలు దొర్లుతున్నారు. వడ్డనకు ఇంకా టైముందని బయట నిలబడితే, ఒకాయన చెవుల్లో పాటలు పెట్టుకుని, ఎర్రటి చిన్న బండి మీద దర్జాగా కూర్చుని పచ్చిక అంచులు కోస్తున్నాడు. బండి నా ముందు నుంచి పోయినప్పుడల్లా కోసిన గడ్డి వాసన, దాని వెనకే కొద్దిగా వేడెక్కిన రబ్బరు వాసన. ఆ రెండో వాసనకు నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. "బెల్టు జారడం లేదు కదండీ?" అని అడిగాను. ఆయన పాటలు తీసేసి, పట్టుచీరలో ఉన్న నన్ను ఒకసారి ఎగాదిగా చూసి, "ఏ బెల్టండీ?" అన్నాడు. తాను కూర్చున్న బండిలో బెల్టు ఉందని కూడా తెలియనంత సుఖంగా ఉన్నాడాయన. మా ఇంట్లో ఒక వానాకాలమంతా ఆ బెల్టు తప్ప వేరే మాట లేదు. మా ఊరి ఆడపిల్లలు పరుగెత్తడమా మానడమా అన్నది ఆ రబ్బరు ముక్క మీద ఆధారపడి ఉండేది.

మా నాన్న దానియేలు మాస్టారు మిషన్ హైస్కూల్లో డ్రిల్ మాస్టారు. పెదపాడు దాటి కొల్లేరు వైపు పోయే రోడ్డు మీద మా ఊరు, స్కూలు వెనక క్వార్టర్స్‌లో మా ఇల్లు. రోడ్డుకు ఒక పక్క వరి, ఇంకో పక్క చేపల చెరువులు. గాలి ఎటు నుంచి వీస్తే ఇల్లు ఆ వాసన వేసేది. శనివారం మాత్రం ఏ గాలి వీచినా ఆముదం వాసనే. ఆ రోజు పొద్దున్నే నాన్న లుంగీ ఎగ్గట్టి, పొడుగు ముక్కున్న నూనె డబ్బా పట్టుకుని ఇంటి చుట్టూ తిరిగేవారు. వీధి తలుపు బందులు, నూతి గిలక, సైకిలు చైను, ఉయ్యాల బల్ల గొలుసులు, కుట్టు మిషను, ఆఖరికి గోడ గడియారం. కిర్రుమన్నదంటే అది నూనె అడుగుతోందన్నమాట అనేది ఆయన సిద్ధాంతం. ఇందులో మనుషులకు మినహాయింపు ఉండేది కాదు. నాకు చెవి నొప్పి వస్తే చెవిలో, అమ్మకు మోకాలు పట్టేస్తే మోకాలికి, పక్కింటి పసిబిడ్డ ఏడుపు మానకపోతే వాడి మాడుకు, అన్నిటికీ అదే ఆముదం. ప్రసంగం మధ్యలో పాస్టరు గారి గొంతు జీరపోతే నాన్న చెయ్యి తనకు తెలియకుండానే జేబు తడుముకోవడం నేను చూశాను.

ఈ సిద్ధాంతానికి మా ఇంట్లో తిరుగులేని సాక్ష్యం గ్రైండరు. ఇడ్లీ పిండి రుబ్బే రాతి గ్రైండరు అది. కింద మోటారు, మోటారుకూ రాయికీ మధ్య నల్లటి రబ్బరు బెల్టు. అది పాతబడి కీచుమన్న రోజున నాన్న ఆ బెల్టుకు ఆముదం పూశారు. కీచుమనడం ఆగిపోయింది. రాయి తిరగడం కూడా ఆగిపోయింది గానీ, అప్పటికే నాన్న స్కూలుకు వెళ్ళిపోయారు. అమ్మ గ్రైండరును పక్కకు ఒరగబెట్టి, బెల్టు ఊడదీసి, కుంకుడు రసంతో కడిగి, ఎండలో ఆరేసి మళ్ళీ తగిలించింది. సాయంత్రం నాన్న వచ్చి, చప్పుడు లేకుండా తిరుగుతున్న రాయిని చూసి, "చూశావా?" అన్నారు. "ఆయ్, చూశానండీ" అంది అమ్మ. ఆ తర్వాత శనివారం ఆయన పూయడం, సోమవారం ఆయన అటు వెళ్ళగానే అమ్మ కడగడం ఆ ఇంట్లో ఒక ఆచారమైపోయింది. ఏళ్ళ తరబడి ఆ గ్రైండరు అలాగే నడిచింది, నాన్న నమ్మకం దానితో పాటు నడిచింది. "నాన్నకు చెప్పేయొచ్చు కదే" అని నేనంటే, "ఆయన సరదా ఆయనది బుజ్జీ. నాకు పోయేదేముంది, నాలుగు కుంకుడుకాయలేగా" అనేది.

నేనప్పుడు ఏలూరులో ఇంటర్మీడియట్ చదువుతున్నాను. కాలేజీలో మాకు గ్రౌండు అనేది ప్రాస్పెక్టసులో ఫొటోగా మాత్రమే ఉండేది. అందుకని సాయంత్రం బస్సు దిగగానే సంచీ అరుగు మీద పడేసి స్కూలు గ్రౌండుకు పరుగెత్తేదాన్ని. అక్కడ నాన్న ఆడపిల్లలకు ఖోఖో నేర్పేవారు. మా ఊళ్ళో ఆడపిల్ల రోడ్డు మీద పరుగెత్తితే ఇంట్లో ఎవరికో ప్రాణం మీదికొచ్చిందని అర్థం. చెరువు గట్టు మీద పరుగెత్తితే ఇంకా లేనిపోని అర్థాలు. అర్థం ఏమీ లేకుండా ఊరికే పరుగెత్తడానికి మాకున్నది ఆ ఒక్క గ్రౌండు. పాలికాపుల పిల్లలూ, పొలాలున్నవాళ్ళ పిల్లలూ అక్కడ ఒకళ్ళ వీపు ఒకళ్ళు చరుచుకుంటూ "ఖో" అని అరుస్తుంటే నాన్న మెడలో విజిలు వేసుకుని రాజాలా నిలబడేవారు. ఇంట్లో గట్టిగా నవ్వడానికి వీల్లేని పిల్లలు అక్కడ గొంతు చించుకుని అరిచేవారు. నా మటుకు నాకు అంతకన్నా మంచి చోటు ఇప్పటికీ ఎక్కడా దొరకలేదు.

దాని మీద కన్నుపడింది అబ్బులు గారికి. అసలు పేరు అబ్రహాము, సంఘ పెద్ద, స్కూలు కమిటీ ప్రెసిడెంటు, మండవల్లి దాకా చెరువులున్న మనిషి. ఆ రోజుల్లో మా వైపు నాలుగు మూలలూ సమంగా ఉన్న నేల కనిపిస్తే చాలు, దాన్ని తవ్వి నీళ్ళు పెట్టి చేపపిల్లల్ని వదిలేయాలని చేతులు దురద పెట్టేవి అందరికీ. వరి చేలు చెరువులయ్యాయి, కళ్ళాలు చెరువులయ్యాయి, ఒకాయన ఇల్లు కట్టడానికి తీసిన పునాదుల్లో వాననీళ్ళు నిలిస్తే వాటిలో కూడా కొరమేను వేశాడు. అబ్బులు గారు మాత్రం చాలా మర్యాదస్తుడు. చెప్పులు గుమ్మం అవతలే విడిచి, అమ్మ ఇచ్చిన కాఫీ రెండు చేతులతో అందుకుని, నాన్నతో అన్నారు: "వానాకాలం వస్తే మోకాటి ఎత్తు గడ్డి, తుంగ, పాములు. పిల్లలకేదైనా అయితే ఎలాగండీ మాస్టారూ? ఖాళీగా పడున్న నేల, చెరువైతే స్కూలుకి నాలుగు రాళ్ళొస్తాయి. మీరు కాదంటే వద్దులెండి. వానలు తగ్గాక కమిటీ అంతా వచ్చి చూస్తాం. గ్రౌండు గ్రౌండులా ఉంటే ఇక చెరువు మాటే ఎత్తం."

ఆ మాటకు నాన్నేమీ బెదరలేదు. ఎందుకంటే అప్పటికే మా దగ్గర గడ్డి కారు ఉంది. అంతకు ముందు ఏడాది, ఒకప్పుడు స్కూలు నడిపిన దొరసాని గారి మనవరాలు సముద్రాలు దాటి చూడ్డానికి వచ్చి, ఎవరికేం కావాలో చెప్పమంది. హెడ్మాస్టారు కంప్యూటర్లు అడిగారు, పాస్టరు గారు వ్యాను అడిగారు, నాన్న గడ్డి కోసే మిషను అడిగారు. చేత్తో తోసుకుంటూ పోయేది ఆయన మనసులో ఉంది. కొన్ని నెలలకు లారీ మీద గుర్రబ్బండంత చెక్కపెట్టె దిగింది. విప్పి చూస్తే సీటు, స్టీరింగు, నాలుగు చక్రాలు, ఎర్ర రంగు. కంప్యూటర్లూ రాలేదు, వ్యానూ రాలేదు. మనసులో ఏమున్నా హెడ్మాస్టారు "మాస్టారి ప్రార్థన బలమైందండీ" అన్నారు. పాస్టరు గారు దాని మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. ఊళ్ళో రైతులు ఎందుకైనా మంచిదని నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు పెట్టారు. ఆ ఏడు వానాకాలమంతా నాన్న సఫారీ సూటు వేసుకుని గ్రౌండంతా తిరిగి గడ్డి కోశారు. రోడ్డు మీద పోయే బస్సులు నెమ్మదించి చూసి పోయేవి.

తంటా రెండో ఏడు మొదలైంది. ఆ బండి సంగతి ఇక్కడ కొంచెం చెప్పాలి. ఇంజను కింద ఒక కప్పీ, వెనక చక్రాల దగ్గర ఇంకో కప్పీ, రెండింటినీ కలుపుతూ ఒక రబ్బరు బెల్టు. బెల్టు బిగుతుగా ఉండడానికి మధ్యలో స్ప్రింగుతో లాగిపట్టే చిన్న కప్పీ. గడ్డి కోసే బ్లేడ్లకు రేకు మూత కింద, కనిపించకుండా వేరే బెల్టు. తొలి వానలకు తడిసిన తుంగ ఆ చిన్న కప్పీకి చుట్టుకుంది. చుట్టుకుంటే బెల్టు రాసుకుంది, రాసుకుంటే కీచుమంది. ఆ తుంగ పోగులు వేళ్ళతో లాగేస్తే సరిపోయేది. కానీ నాన్న చెవిన పడింది కీచు. ఆ సాయంత్రమే పాత చాప పరిచి, బండి కిందికి సగం దూరి, లోపల కనిపించిన ప్రతి తిరిగే వస్తువుకూ తలంటు పోసినట్టు ఆముదం పోశారు. పొద్దున్న స్టార్టు చేస్తే చప్పుడు లేదు. ఇంజను నడుస్తోంది, బ్లేడ్లు తిరుగుతున్నాయి, పెడలు వదిలితే బండి మాత్రం నాలుగు బారలు పోయి, ఆలోచించి, ఆగిపోతోంది. "కొత్త నూనె కదా, పట్టుకోవాలి" అన్నారు నాన్న. మర్నాడు ఇంకొంచెం వేశారు.

పెట్టెతో పాటు వచ్చిన ఇంగ్లీషు పుస్తకం నాన్న బైబిలు పక్కన అట్టవేసి దాచారు. అది తీసి చదివితే బెల్టుకు నూనె గానీ గ్రీజు గానీ తగలనివ్వకూడదని స్పష్టంగా ఉంది. భయపడుతూనే ఆయన ముందు పెట్టి, "నాన్నా, ఇందులో ఇలా ఉందండీ" అన్నాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివారు. "ఇది వాళ్ళ నూనెల సంగతమ్మా. ఆముదం గురించి ఎక్కడా రాయలేదు కదా. పాపం, వాళ్ళకు ఆముదం ఎక్కడిది?" అన్నారు. అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె కష్టం ఆమెది. గ్రైండరులా దాన్ని ఒరగబెట్టి, నాన్న చూడకుండా బెల్టు తీసి కడగడానికి లేదు. ముగ్గురు మగాళ్ళు పట్టుకుంటే తప్ప ఒరగని బండి అది.

ఇక పెద్దల సలహాలు మొదలయ్యాయి. తాడేపల్లిగూడెంలో రైసు మిల్లుల ఇంజన్లు బాగుచేసే సత్తిరాజును పిలిపించారు. బెల్టుల మధ్యే తల నెరిసిన మనిషి. వంగి బెల్టు మీద వేలు పెట్టాడు, ఆ వేలు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు, ఒకసారి నాన్న వైపు చూశాడు, వేలు నెమ్మదిగా తుండుగుడ్డకు తుడుచుకున్నాడు. "బెల్టు కొంచెం నీరసంగా ఉందండీ మాస్టారూ" అన్నాడు. "నూనె చాలడం లేదంటారా?" అన్నారు నాన్న. ఆ ప్రశ్నకు అవునని గానీ కాదని గానీ అంటే ఆయన మా వైపు మనిషే కాదు. "మీకు తెలియందేముందండీ. పెద్దవారు. కొన్నాళ్ళు ఎండలో పెట్టి చూడండి" అని, కాఫీ తాగి, పోయే ముందు స్ప్రింగు ఒక మెలిక బిగించి వెళ్ళిపోయాడు. నాన్న బండిని మూడు రోజులు ఎండలో పెట్టారు. ఎండకు బెల్టు ఎండిపోయి ఉంటుందని జాలిపడి మళ్ళీ ఆముదం పట్టించారు.

హెడ్మాస్టారు సైన్సు మనిషి. ఒక రోజు సాయంత్రం మా అరుగు మీద కూర్చుని, రాపిడి వల్ల మానవజాతికి కలిగిన మేలు గురించి నాన్నకు చాలాసేపు చెప్పారు. రాపిడి లేకపోతే మనం నడవలేమన్నారు, పట్టుకోలేమన్నారు. నాన్న శ్రద్ధగా విని, మంచి పాఠమండీ అన్నారు. పాస్టరు గారు ఆదివారం బైబిల్లో దీపాలకు నూనె తెచ్చుకోని బుద్ధిలేని కన్యకల కథ ఎత్తుకుని, నూనె ఉండవలసిన చోటు దీపమే గానీ వేరొకటి కాదని మూడుసార్లు నొక్కి చెప్పారు. నాన్న ఆమేన్ అన్నారు. మా గోదావరి జిల్లాల మర్యాద గురించి బయటివాళ్ళు ముచ్చటపడుతుంటారు గానీ, దాన్ని అనుభవించిన వాళ్ళకు తెలుసు అదెంత ప్రాణాంతకమో. మా దగ్గర "అలాగేనండీ" అంటే ఒప్పుకున్నట్టు కాదు, విన్నట్టు కూడా కాదు. మీరు మాట్లాడుతున్నంతసేపూ నేను ఎటూ పోకుండా ఇక్కడే నిలబడ్డాను అని మాత్రమే అర్థం. ఎదుటి మనిషి గోతిలో పడబోతుంటే చెయ్యి పట్టి లాగడం మోటుతనం. "అటు నేల కొంచెం లోతుగా ఉన్నట్టుందండీ" అని, ఆయన పడ్డాక కాఫీ పంపించడం పద్ధతి.

ఈలోగా గడ్డి ఎవరి మర్యాదా చూడకుండా పెరిగింది. ఖోఖో స్తంభాలు నడుముదాకా మునిగిపోయాయి. ఆడపిల్లలు ఒక్కొక్కళ్ళే రావడం మానేశారు. పాములున్నాయని వాళ్ళ అమ్మలకు భయం. పాముల కన్నా ముందు నుంచీ ఉన్న భయాలకు కూడా ఇది మంచి సాకైంది. నాన్న పట్టు వదల్లేదు. బ్లేడ్లు ఎలాగూ తిరుగుతున్నాయి, తిరగనివి చక్రాలే కదా అని ఒక రైతు దగ్గర ఎడ్ల జత అడిగి తెచ్చి బండి ముందు కట్టారు. సీటు మీద నాన్న, ముందు ఎడ్లు, కింద ఇంజను మోత. కాసేపు అద్భుతంగా సాగింది. ఆ తర్వాత ఎడ్లు వెనక్కి తిరిగి తాము లాగుతున్నదేమిటో చూశాయి. ఆ చూపుతోనే గ్రౌండు దాటి, రోడ్డు దాటి, కాలవ గట్టు దాకా పోయాయి. కోసిన గడ్డి మాత్రం గ్రౌండు గేటు నుంచి కాలవ దాకా ఒక చారలా మిగిలింది. ఎడ్ల రైతు వాటిని విప్పుకుంటూ, "మంచి వేగమే ఉందండీ బండికి" అన్నాడు. ఆ రోజు నేను నవ్వాను. ఇంటికొచ్చాక నాన్న అన్నం ముందు కూర్చుని ముద్ద కలపకుండా కంచంలోకి చూస్తుంటే మాత్రం ఏడుపొచ్చింది.

వానలు తగ్గాయి, కమిటీ వచ్చింది. తెల్ల పంచెలు, గొడుగులు, ముందు అబ్బులు గారు, వెనక హెడ్మాస్టారు, పాస్టరు గారు, మిగతా పెద్దలు. తమాషాకి సత్తిరాజు కూడా గూడెం నుంచి వచ్చాడు. నాన్న సఫారీ సూటు వేసుకుని స్టార్టు చేశారు. ఇంజను గర్జించింది, బండి గడ్డిలోకి ముచ్చటగా కొంత దూరం పోయింది, ఆగింది. రబ్బరు కాలిన వాసన, దానిలో కలిసి మరుగుతున్న ఆముదం వాసన. నాన్న దిగి, చెమట తుడుచుకుని, సీటు వెనక నుంచి నూనె డబ్బా తీశారు. "ఆయ్, కాస్త వెయ్యండి మాస్టారూ, కంగారేం లేదు" అన్నారు అబ్బులు గారు ఎంతో దయగా. అప్పుడు మా అమ్మ క్వార్టర్స్ గేటు తీసుకుని, మోకాలి ఎత్తు గడ్డిలో చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టి, ఆ మగవాళ్ళందరి మధ్య నుంచి నడుచుకుంటూ వచ్చింది. నాన్న చేతిలోని డబ్బా పట్టుకుంది.

"వద్దండీ. మీ నూనె వల్లే జారిపోతోందండీ అది. ఇన్నేళ్ళూ గ్రైండరు బెల్టు కూడా నేను కడుగుతుంటేనే తిరిగింది."

నాన్న అమ్మను చూశారు. తర్వాత సత్తిరాజును చూశారు. "మీకు తెలుసా?" అన్నారు. సత్తిరాజు తల దించుకుని, "తెలుసండీ" అన్నాడు. "మీకూ?" హెడ్మాస్టారు రాపిడి పాఠం గుర్తుచేశారు. పాస్టరు గారు కన్యకలను గుర్తుచేశారు. "నేను మొదట్లోనే చూశానండీ" అన్నారు అబ్బులు గారు. "చెరువుల్లో గాలి కొట్టే మా ఏరేటర్లకూ బెల్టులేగా. పెద్దవారు, ముఖాన చెబితే బాగోదని..." వరుసగా అందరికీ తెలుసు. ఎడ్ల రైతుకు తెలుసు, బహుశా ఎడ్లకు కూడా తెలుసు. నాన్న ముఖం ఎర్రబడింది, తెల్లబడింది. ఆఖరికి ఆయన అడిగింది ఒకటే. "ఇప్పుడు జబ్బేమిటో తెలిసింది కదండీ. ఒక్క వారం గడువివ్వండి." అబ్బులు గారు నాన్న రెండు చేతులూ పట్టుకున్నారు. "ఎంత మాటండీ! వారమేంటండీ, మీ ఇష్టం" అన్నారు. మిగతావాళ్ళంతా అలాగేనండీ అన్నారు.

ఆ వారం మా ఇంట్లో పండగలా గడిచింది. మనుషుల్ని పిలిచి బండిని ఒరగబెట్టించారు. అమ్మ సర్ఫు నీళ్ళతో కప్పీలన్నీ కడిగింది, నేను గుడ్డతో తుడిచాను, నాన్న చిన్న కప్పీకి చుట్టుకున్న తుంగ పోగులు ఒక్కొక్కటే లాగి పక్కన పెట్టారు. ఎండిన ఆ పోగుల్ని అరచేతిలో పెట్టుకుని "ఇంతేనా?" అన్నారు. బెల్టు మాత్రం కడిగినా లాభం లేకపోయింది. ఆముదం తాగి తాగి ఉబ్బి, జంతికల పిండిలా మెత్తబడింది. దాన్ని సంచీలో వేసుకుని నాన్నా నేనూ తాడేపల్లిగూడెం బస్సెక్కాం. బెల్టుల కొట్టాయన దాన్ని కొలిచి, వాసన చూసి, "దేనికండీ ఇది, వరికోత మిషనుకా?" అన్నాడు. "గడ్డి కారుకు. నేనే ఆముదం పోసి పాడుచేశాను" అన్నారు నాన్న, అడగకపోయినా. ఆ మాట ఆయన ఎంత తేలిగ్గా అన్నారంటే, కొట్టాయనే ఇబ్బందిపడి, "అబ్బే, ఆముదం మంచిదేనండీ" అన్నాడు.

కొత్త బెల్టు తొడిగి స్టార్టు చేస్తే బండి ఒక్క ఊపున గడ్డిలోకి దూకింది. కొద్దిగా కీచుమంది. నాన్న ఆ కీచు విని పళ్ళు బిగబట్టుకున్నారు గానీ దిగలేదు. చీకటి పడేలోపు గ్రౌండంతా కోసేశారు. మర్నాడు ఎవరో చాటింపు వేసినట్టు ఆడపిల్లలంతా వచ్చేశారు. స్తంభాలు బయటపడ్డాయి, ముగ్గుతో గీతలు గీశాం. నా వీపు మీద చరిచి ఎవరో "ఖో" అని అరిస్తే, నేను కూర్చున్న గళ్ళో నుంచి లేచి పరుగెత్తుతూ నాన్న వైపు చూశాను. ఆయన విజిలు నోట్లో పెట్టుకుని ఊదడం మరిచిపోయి నవ్వుతున్నారు.

సోమవారం పొద్దున్న గ్రౌండులోకి పొక్లెయిన్ వచ్చింది. నాన్న ప్రేయరు వదిలేసి పరుగున వెళ్ళి, దారి తప్పి వచ్చావేమో చూసుకో బాబూ అని డ్రైవరుతో అన్నారు. అతను కిందికి దిగి దండం పెట్టి, "ఇదేనండీ, అబ్బులు గారి చెరువు. గడ్డి కోయించి పుణ్యం కట్టుకున్నారండీ, పని సులువైపోయింది" అన్నాడు. కమిటీ తీర్మానం చేసేసి చాలా నాళ్ళయిందట. మమ్మల్ని చూడ్డానికి వచ్చిన రోజుకే లీజు అయిపోయిందట. హెడ్మాస్టారికి తెలుసు, పాస్టరు గారికి తెలుసు. "మీరు అంత ఆశగా వారం అడిగితే కాదని ఎలా అంటామండీ, మనసొప్పలేదు" అన్నారు. నాకసలు ఇష్టం లేదండీ అని ఒక్కొక్కళ్ళే సాయంత్రాలు మా ఇంటికొచ్చి చెప్పి, కాఫీ తాగి వెళ్ళారు. ఆ లెక్కన చూస్తే కమిటీలో ఎవరికీ ఇష్టం లేని పని అందరూ కలిసి ఏకగ్రీవంగా చేశారు. ఆ సోమవారం సాయంత్రం ఆడపిల్లలు ఆటకు వచ్చారు. పొక్లెయిన్ను చూసి, గేటు దగ్గరే వెనక్కి తిరిగి, నడుచుకుంటూ ఇళ్ళకు పోయారు.

నేనిప్పుడు ఉంటున్న హైదరాబాదులో ఎవరూ ఏదీ దాచుకోరు. అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో పొద్దున్న లేవగానే ఒకళ్ళనొకళ్ళు నోటికొచ్చినట్టు కడిగేసుకుంటారు. మొదట్లో అది చూసి, ఇదే కదా మా ఊళ్ళో కావలసింది అని ముచ్చటపడ్డాను. కొన్నాళ్ళకు తెలిసింది, ఇక్కడ అందరూ చెబుతారు గానీ వినేవాళ్ళు లేరని. మా కింద ఖాళీ స్థలంలో పిల్లలు ఆడుకోకూడదని ఎంతో నిర్మొహమాటంగా తీర్మానించారు, కార్లు పెట్టుకోవాలట. మా ఊళ్ళో దండం పెట్టి లాక్కున్నారు, ఇక్కడ వేలు చూపించి లాక్కుంటున్నారు. ఇక మా గ్రౌండు చెరువు చెక్కుచెదరకుండా ఉంది. తర్వాత ప్రభుత్వం వచ్చి కొల్లేరు లోపలి అక్రమ చెరువుల గట్లు కొట్టేసినప్పుడు కూడా దాని జోలికి ఎవరూ రాలేదు. కాగితాల్లో అది ఈనాటికీ ఆటస్థలమే.

ఆ చెరువులో మొదటిసారి చేపలు పట్టిన రోజున అబ్బులు గారు మా ఇంటికి అన్నిటికన్నా పెద్ద బొచ్చె చేప పంపించారు. ఆయన పాలేరు ఏసోబు దాన్ని తామరాకుల్లో చుట్టి, రెండు చేతుల మీద మోసుకొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. మా వైపు గుమ్మంలోకొచ్చిన చేపను కాదన్నవాళ్ళు లేరు. నాన్న పడకకుర్చీలోంచి లేచి వచ్చారు. చేపను చూశారు. ఆయన గొంతులో నేనెప్పుడూ వినని గట్టిదనం ఉంది. "తీసుకెళ్ళిపో ఏసోబూ. మాస్టారికి మీ మీద కోపంగా ఉంది, ఈ చేప తినరు అని చెప్పు. ఇదే మాట చెప్పు." ఏసోబు "ఆయ్, అలాగేనండీ" అని చేపతో వెళ్ళిపోయాడు. అమ్మ గబగబా లోపలికెళ్ళి నాన్నకు మంచినీళ్ళు తెచ్చింది. ఆ పూట ఉత్త పప్పుచారుతో తిన్నాం. నాన్నను చూస్తే నాకు ఎంత గర్వమేసిందో చెప్పలేను. ఆ ఊళ్ళో ఒక మనిషి ఇంకో మనిషికి నాకు కోపంగా ఉంది అని కబురు పెట్టడం అదే మొదలు.

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి మెట్ల మీద అబ్బులు గారు ఎదురొచ్చారు. నాన్న నిటారుగా నిలబడ్డారు. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. అబ్బులు గారు నవ్వుతూ వచ్చి నాన్న రెండు చేతులూ అందుకున్నారు. "చేప ఎలా ఉందండీ మాస్టారూ? మీరు చాలా సంతోషించారని, అమ్మగారు పులుసు పెట్టారని ఏసోబు చెప్పాడు. నా మనసు కుదుటపడిందండీ. ఎక్కడ కోపం పెట్టుకున్నారో అని ఒకటే బెంగ నాకు."

చుట్టూ జనం. నాన్న నోరు తెరిచారు. అనండి నాన్నా, ఆ ఒక్క మాట ఇప్పుడు మీ నోటితో అనేయండి అని లోపల బతిమాలుకున్నాను. ఆయన కళ్ళు అబ్బులు గారి ముఖం మీద నుంచి, వాళ్ళిద్దరినీ చూస్తున్న జనం మీద నుంచి, గోడ అవతల ఎండలో మెరుస్తున్న నీళ్ళ మీదికి పోయాయి.

"బాగుందండీ" అన్నారు నాన్న.

అబ్బులు గారి ముఖం వెలిగిపోయింది. వచ్చే పట్టుబడికి ఇంతకన్నా పెద్దది పంపిస్తానన్నారు. నా చెయ్యి వదిలేసి, కొంగు సర్దుకుని, మా అమ్మ అంది: "ఎందుకండీ, మీకు శ్రమ."